పెరటి చెట్టుకి లాటిన్ పేరు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఎప్పుడో అనేశారు. ఇంతకీ అందులో లోపం చెట్టుదా, మనదా? ఈ ప్రశ్న పట్టుకుని వెతుకుతూ పోతే సామర్లకోట దాకా వెళ్ళాల్సొచ్చింది (పుస్తకాల్లోనే లెండి, కారులో కాదు).

నేనుండేది గాజులరామారంలో. పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ, కాస్త అవతల ఒకప్పటి ఐడీపీఎల్. అంజిరెడ్డిగారు 1984లో సొంత కంపెనీ పెట్టకముందు పనిచేసిన చోటు అది. ఇన్ని మాత్రలు తయారయ్యే ఏరియాలో కూడా ఏ బాల్కనీ చూసినా ఓ తులసి, ఓ కలబంద, కోవిడ్ పుణ్యమా అని ఓ తిప్పతీగ కనిపిస్తాయి. మా ఇంట్లో అదనంగా రెండు కుండీల నేలవేము. దేనికి వాడతారని అడిగితే అందరూ "జ్వరానికి మంచిది" అంటారు. ఏ భాగం, ఎంత, ఎన్ని రోజులు అని అడిగి చూడండి. "మా నాయనమ్మకి తెలిసేది" అంటారు. అక్కడితో సరి.

ఇప్పుడు సామర్లకోటకి వద్దాం. 1781లో అక్కడి దండులో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు చేరాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కడే తోట వేసి మిరియాల లాంటివి పెంచి చూశాడు. చుట్టుపక్కల మొక్కల్ని మనవాళ్ళు ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నాడు, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1787 నాటి ఉప్పెనలో ఆయన సేకరణ, పుస్తకాలు కొట్టుకుపోయాయి. బ్యాకప్ లేదు పాపం! అయినా మళ్ళీ మొదలుపెట్టాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వచ్చింది.

ఆ మొక్కల్లో ఒకటి మన సోమిద చెట్టు. దీని చేదు బెరడుని మనవాళ్ళు జ్వరానికి వాడేవారు. ఆ రోజుల్లో మలేరియా జ్వరానికి యూరప్ వాళ్ళకి తెలిసిన మందు పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడు. ఖరీదెక్కువ. దాని బదులు సోమిద పనికొస్తుందేమోనని రాక్స్‌బర్గ్ పరీక్షలు చేసి, 1793లో లండన్‌లో చిన్న పుస్తకం వేయించాడు. మరుసటి ఏడే ఎడిన్‌బరోలో ఒక వైద్య విద్యార్థి దీనిమీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. 1830లో ఈ చెట్టుకి వేరే ప్రజాతి కట్టినప్పుడు పెట్టిన లాటిన్ పేరు సోయ్‌మిడా. అంటే మన తెలుగు మాటే!

మరి సోమిద మందెందుకు కాలేదు? 1820లో పారిస్‌లో పెల్టియే, కావెంతూ అనే ఇద్దరు సింకోనా నుంచి క్వినైన్‌ని వేరుచేశారు. ఇక బెరడు నాణ్యతతో పనిలేదు, క్వినైన్‌ని తూకం వేసి ఇవ్వొచ్చు. సోమిదలో క్వినైన్ లేదు. పందెం అక్కడే ముగిసింది. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసేనాటికి జ్వరం మందంటే క్వినైనే.

కథ అంతటితో అయిపోతే సామెతే నిజమనుకోవచ్చు. కానీ చైనాలో ఇంకోలా జరిగింది. 1970ల మొదట్లో తు యుయు బృందం మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కని పరీక్షిస్తుంటే ఫలితాలు నిలకడగా రాలేదు. సుమారు 1600 ఏళ్ళ కిందట గె హొంగ్ రాసిన పుస్తకంలో, గుప్పెడు ఆకుని నీళ్ళలో నానబెట్టి పిండి తాగమని ఉంది. మరిగించమని లేదు. వేడికి మందు పాడవుతోందేమోనని ఆవిడకి తట్టింది. తక్కువ వేడిలో తీస్తే పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్. ఆవిడకి 2015లో నోబెల్ వచ్చింది.

తేడా గమనించారా? అక్కడ మొక్క పేరుతో పాటు తయారుచేసే పద్ధతి కూడా కాగితం మీద మిగిలింది. సోమిద విషయంలో బెరడు గురించి రాక్స్‌బర్గ్‌కి చెప్పిన తెలుగువాడి పేరు కూడా మనకి మిగల్లేదు. మన భాషలో చెప్పాలంటే, కోడ్ ఉంది, డాక్యుమెంటేషన్ లేదు, రాసినవాడు ఉద్యోగం మానేశాడు.

ఇదేదో పాతకథ అనుకోకండి. 2021లో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన మరో తీగ కావచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఎవరు ఒప్పయినా సరే, కుండీలో ఉన్నది ఏ మొక్కో ఖాయంగా తెలియడం ఎంత ముఖ్యమో అర్థమైంది కదా.

అందుకే మా కుండీలకి చీటీలు కట్టాను. తెలుగు పేరు, లాటిన్ పేరు, తెచ్చిన చోటు, నాటిన తేదీ. నేలవేము విత్తనాలు తొలకరికి చల్లితే మూడు నాలుగు నెలల్లో పూతకొస్తుంది, దాని చేదు పదార్థం ఎక్కువగా ఉండేది అప్పుడే. అదీ రాసిపెట్టాను. అమెరికాలో ఉన్నవాళ్ళయితే మంచు పడకముందే తులసిని ఇంట్లోకి తెచ్చే తేదీ కూడా రాసుకోండి. వీటితో సొంతవైద్యం చేసుకోమని నేననడంలేదు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే వెళ్ళండి. కానీ ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ నాయనమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. ఏ ఆకు, ఎంత, నానబెట్టాలా, మరిగించాలా? చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. కింద ఆవిడ పేరు కూడా రాయండి.