పాత కారుకు బయటి రేకుల అమరిక

తుప్పు తిన్న తలుపులు, మడ్‌గార్డులు, బానెట్ తీసేసి, అసలు కంపెనీవి కాని కొత్త రేకు భాగాలు, అంటే బయటి రేకులు, బిగించే టింకరింగ్ పని ఇది. తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టిన ఈ కారు తయారీ 2014లో ఆగింది.

గోదావరి ఒడ్డున ఉన్న బూర్గంపాడు వంటి ఊళ్లలో కారుకు వరదే పెద్ద శత్రువు. సమీపంలోని భద్రాచలం వద్ద నీటిమట్టం 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. మునిగిన కారులో ఒండ్రు తలుపుల అడుగున, ఫ్లోర్ అంచుల్లోని బోలు భాగాల్లో పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. దాంతో తుప్పు రేకును లోపలి నుంచి తినేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతున్నా నమ్మకూడదు.

అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే ఫ్లోర్ అంచులు కోసేముందు తలుపుల ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేయాలి. లేదంటే బాడీ కుంగి, తరువాత ఏ తలుపూ సరిగా పడదు.

బయటి రేకు తెచ్చినట్టే సరిపోవడం అరుదు. రంగు వేయకముందే అన్నీ వదులుగా బిగించి చూడాలి. మొదట తలుపులు, వాటిని బట్టి మడ్‌గార్డులు, చివరికి బానెట్. భాగాల మధ్య సందు ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా కుదిరేదాకా కీళ్లు జరుపుతారు, బోల్టు కింద పలుచని బిళ్లలు వేస్తారు, అంచును సుత్తితో సరిచేస్తారు. ఈ దశలో ఓపిక పట్టనివారు లోటును లప్పంతో పూడుస్తారు. మందంగా పెట్టిన లప్పం కుదుపులకు పగిలి, నీటికి దారి ఇస్తుంది. కుదిరాక రేకులు విప్పి, లోపలివైపు కూడా ఎపాక్సీ ప్రైమర్ పూసి, అతుకులకు సీలెంట్ పెట్టి తిరిగి బిగిస్తారు.