ఎవరిని అడుగుదాం?

1979లో గ్లోరియా అంజల్దువా, చెర్రీ మొరాగా అనే ఇద్దరు చికానా కవయిత్రులు అమెరికాలోని శ్వేతేతర స్త్రీలకు ఒక ఆహ్వానం పంపారు. స్త్రీవాదులుగా మనల్ని విడదీస్తున్న అనుభవాలేమిటో రాయమని అడిగారు. అలా వచ్చిన రచనలే 1981లో 'దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్' సంకలనమయ్యాయి. ప్రచురించిన పర్సెఫనీ ప్రెస్ మూతపడితే, 1983లో శ్వేతేతర స్త్రీలే నడిపిన 'కిచెన్ టేబుల్' ప్రెస్ దాన్ని మళ్ళీ అచ్చువేసింది.

అందులో అంజల్దువా రాసిన 'స్పీకింగ్ ఇన్ టంగ్స్' మూడో ప్రపంచపు రచయిత్రులకు రాసిన ఉత్తరం. పైన 1980 మే 21 అని తేదీ ఉంటుంది. మొదట కవితగా మొదలుపెట్టి, వ్యాసంగా మార్చబోతే బిగుసుకుపోయిందని ఆమే చెప్తుంది. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన సొంత గదిని మర్చిపోండి, వంటింట్లో, బస్సులో, ఎక్కడ వీలైతే అక్కడ రాయండి అంటుంది.

అంజల్దువా 2004లో చనిపోయింది. ఈమధ్య కొందరు కవయిత్రులు ఈ వ్యాసం చర్చిస్తూ నన్నూ పిలిచారు. "ఇంకా ఎన్నాళ్ళు వంటింట్లో రాస్తాం?" అని ఒకామె కోప్పడింది. "గది వచ్చేదాకా ఆగితే మా అమ్మ సంగతి ఎవరు రాస్తారు?" అంది ఇంకొకామె. ఈ రెండు మాటలూ నిజమే. అందుకే ఈ విషయం మీద కొత్త వ్యాసాలు రాయించాలనుకున్నాం.

ఎవరిని అడగాలి? అసలు చిక్కు ఇక్కడే. తెలిసిన పేర్లు, డిగ్రీలున్న పేర్లు ముందు నోటికొస్తాయి. గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' తెచ్చినప్పుడు, 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యం ఒకచోటికి చేరింది. రాసినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళను వెతికినవాళ్ళే తక్కువ. సాహిత్య చరిత్రలో ఎవరు రాశారన్నది చెప్తాం గానీ, ఎవరు ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు అన్నది చెప్పం. ఖాళీలు అక్కడే పుడతాయి.

కాబట్టి మా ఆహ్వానంలో 'పరిశోధనా వ్యాసం' అన్న మాట వద్దన్నాను. ఉత్తరమైనా సరే, నోటితో చెప్పి రాయించినదైనా సరే. అప్పుడు చెప్పినామె పేరే రచయిత్రిగా ఉండాలి. దీనిమీద వాదన ఇంకా తెగలేదు. మీరైతే ముందుగా ఎవరిని అడుగుతారు?