దోష సవరణ మెమొరీ

దోష సవరణ మెమొరీ లేదా ఈసీసీ మెమొరీ అనగా నిలువ ఉన్న సమాచారంలో ఒక బిట్టు తారుమారైనచో దానిని గుర్తించి సరిదిద్దుటకు వీలు కల్పించే కంప్యూటరు మెమొరీ. సర్వర్లలో ఇది సర్వసాధారణం. ఇళ్ళలో వాడే డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దీనికి మద్దతు ఉండుటా లేకపోవుటా చాలావరకు తయారీదారుల వ్యాపార నిర్ణయాలపైనే ఆధారపడి ఉంది.

అవసరం

విశ్వకిరణాల వలన, చిప్పులోని లోపాల వలన 0 కాస్తా 1గా మారవచ్చును. 2003లో బెల్జియంలోని షార్‌బీక్‌లో జరిగిన ఎలక్ట్రానిక్ ఓటింగులో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా నమోదయ్యాయి. మొత్తం అసాధ్యమైనంత పెద్దదిగా ఉండుట వలననే పొరపాటు బయటపడింది. 4096 అనగా 2 యొక్క 12వ ఘాతం కనుక, ఒకే ఒక్క బిట్టు మారి ఉంటుందని నిపుణులు భావించారు. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఏటా 8 శాతానికి పైగా మెమొరీ మాడ్యూళ్ళలో దోషాలు కనిపించాయి.

పనిచేయు విధానం

సాధారణంగా ప్రతి 64 బిట్ల సమాచారానికి 8 తనిఖీ బిట్లు చేరుస్తారు. చదివేటప్పుడు మెమొరీ కంట్రోలరు వీటిని సరిపోల్చి ఒక బిట్టు దోషాన్ని సవరిస్తుంది. రెండు బిట్ల దోషాన్ని గుర్తించగలదు గాని సవరించలేదు. దీనికి మూలం రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన సంకేతాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన సి.ఆర్.రావు 1947లో ఆర్థోగొనల్ అరేలపై నిరూపించిన అసమీకరణం, హామింగ్ అవధికి జంట ఫలితమని తరువాత తేలింది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట ఒక పరిశోధనా సంస్థ ఉంది.

ప్రాసెసర్లలో మద్దతు

పూర్వం మెమొరీ కంట్రోలరు మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తోను, ఇంటెల్ 2008లో కోర్ ఐ7తోను దానిని డెస్క్‌టాప్ ప్రాసెసరులోనికి తెచ్చాయి. పిదప ఇంటెల్ చాలాకాలం ఈ సదుపాయాన్ని జియాన్‌కు, వింతగా కొన్ని చవక ఐ3, పెంటియం రకాలకు ఇచ్చి, మధ్యనున్న ఐ5, ఐ7 డెస్క్‌టాప్ రకాలకు నిరాకరించింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021లో ఈ విధానాన్ని తీవ్రంగా విమర్శించాడు. 12వ తరం నుండి డబ్ల్యు680 చిప్‌సెట్‌తో ఐ5, ఐ7లలోను ఇది లభించింది.

ఏఎండీ 2017 నాటి రైజెన్‌లో దీనిని మూసివేయలేదు. అమలును మదర్‌బోర్డు తయారీదారులకు వదిలివేసింది. కనుక ఈసీసీ మాడ్యూలుతో కంప్యూటరు మొదలైనంత మాత్రాన సవరణ జరుగుతున్నట్లు కాదు. లినక్సులో ఎడాక్ నమోదులను చూసి నిర్ధారించుకోవచ్చును.

డీడీఆర్5 చిప్పుల లోపల ఉండే సవరణ వేరు. అది చిప్పులోని దోషాలను మాత్రమే సరిచేస్తుంది. చిప్పుకు, ప్రాసెసరుకు మధ్య దారిలో జరిగే దోషాలు దానికి అందవు. ఇక పాత సర్వర్ల నుండి చవకగా దొరికే రిజిస్టర్డ్ మాడ్యూళ్ళు ఈసీసీవే అయినా, సాధారణ డెస్క్‌టాప్‌లలో పనిచేయవు.