మినార్ ఎక్కిన టర్కీ భాష

నమాజుకు పిలిచే అజాన్‌లో ఉన్నవి ఆరే వాక్యాలు. అల్లాహ్ గొప్పవాడు, ఆయన తప్ప ఆరాధ్యుడు లేడని సాక్ష్యమిస్తున్నాను, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నాను, నమాజుకు రండి, సాఫల్యానికి రండి. చివర్లో మళ్లీ దేవుడొక్కడేనన్న మాట. తెల్లవారుజామున మాత్రం నిద్ర కన్నా నమాజు మేలని ఇంకో వాక్యం కలుస్తుంది. మన ఊళ్లలో రోజూ ఐదు పూటలా వినిపించేది ఇదే. ఇంత చిన్న పాఠాన్ని జనం మాట్లాడే భాషలోకి మార్చాలని ఒక ప్రభుత్వం పంతం పట్టింది. అది టర్కీ.

ఆ ఆలోచన టర్కీ రిపబ్లిక్ స్థాపకుడు ముస్తఫా కెమాల్ అతాతుర్క్‌తో మొదలైంది కాదు. జాతీయవాద కవి జియా గోకాల్ప్ అంతకుముందే, మసీదులో పిలుపు టర్కీ భాషలో వినిపించే దేశమే తన దేశమని కవిత రాశాడు. అతాతుర్క్ పాలనలో 1924లో ఖలీఫా పదవి రద్దయింది. 1928లో అరబీ లిపి పోయి లాటిన్ లిపి వచ్చింది. ఇక మిగిలింది మసీదు. లిపి మారకముందే, 1926 రంజాన్‌లో, ఇస్తాంబుల్‌లోని గోజ్‌తెపె ఇమామ్ ఒకాయన ఏకంగా నమాజునే టర్కీ భాషలో చదివించాడు. మతవ్యవహారాల శాఖ ఆయన్ని ఆ బాధ్యత నుంచి తప్పించింది. ప్రభుత్వం కూడా అప్పటికి అంత దూరం పోదలచుకోలేదన్నమాట.

1931 చివర్లో అతాతుర్క్ పేరున్న హాఫిజ్‌లను, అంటే ఖురాన్ కంఠస్థం చేసినవాళ్లను, దోల్మాబాహ్చే భవనానికి పిలిపించి అనువాదాలు సిద్ధం చేయించాడు. వాళ్లలో సాదెత్తిన్ కైనాక్ లాంటి సంగీతకారులూ ఉన్నారు. 1932 జనవరి నెలాఖరున ఇస్తాంబుల్‌లోని ఒక మసీదులో తొలి టర్కీ అజాన్ మోగింది. ఫిబ్రవరి 3న, రంజాన్‌లోని పవిత్ర షబ్-ఏ-ఖదర్ రాత్రి, అప్పటికింకా మసీదుగానే ఉన్న అయాసోఫియాలో టర్కీ భాషలో ఖురాన్ చదివారు. దాన్ని రేడియోలో కూడా వినిపించారు.

'అల్లాహు అక్బర్' స్థానంలో వచ్చిన మాట 'తాన్రి ఉలుదుర్'. చిక్కంతా ఇక్కడే. తాన్రి అంటే టర్కీలో దేవుడు, ఏ దేవుడైనా. ఇస్లాంకు ముందు తురుష్కులు కొలిచిన ఆకాశదేవుడి పేరు నుంచి వచ్చిన మాట అది. అక్బర్ సంగతి మరోలా ఉంది. అరబీ వ్యాకరణంలో అది 'మరింత గొప్ప' అని చెప్పే రూపం. దేనికన్నా అన్నది చెప్పకుండా వదిలేయడంలోనే దాని బలముంది. 'ఉలుదుర్' అంటే ఉత్తి 'గొప్పవాడు'. ఇంత కత్తిరింపు జరిగాక కూడా 'హయ్య అలల్ ఫలాహ్'లోని ఫలాహ్ అన్న అరబీ మాట అలాగే నిలిచింది. సాఫల్యం, మోక్షం, మేలు అన్నీ కలిసిన మాట అది. 'హైది ఫెలాహా' అని ఊరుకున్నారు. నమాజు అన్న పారశీక మాటా, మనకు లాగే, వాళ్లకు ఇంటిమాటే కనుక దాని జోలికీ పోలేదు.

మతపండితుల వాదం కొత్తది కాదు. కూఫా నగరానికి చెందిన ఇమామ్ అబూ హనీఫా (మరణం 767) నమాజులో పారశీకంలో పఠించినా చెల్లుతుందన్నాడని ప్రతీతి. అరబీ పలకలేనివాళ్లకు మాత్రమేనని ఆయన శిష్యులు దానికి హద్దు గీశారు. టర్కీలో గానీ తెలుగునాట గానీ ముస్లింలలో ఎక్కువమంది అనుసరించేది ఆయన సంప్రదాయమే. అయినా ఆ వెసులుబాటును వాడుకున్నవాళ్లు అరుదు.

సంస్కర్తల లెక్కలో నాకు కనిపించే వింత మరొకటి ఉంది. బయట పిలుపు ప్రభుత్వ ఉత్తర్వుతో టర్కీ భాషలోకి మారింది గానీ లోపలి నమాజు అరబీలోనే సాగింది. ఐదు పూటల తప్పనిసరి నమాజులో 17 రకాతులు, అంటే ఆవృత్తులు. ప్రతి రకాతులో ఖురాన్ తొలి అధ్యాయం ఫాతిహా. రుకూలో నడుం వంచి, సజ్దాలో నుదురు నేలకు ఆనించి చెప్పే స్తుతులు వేరే. అర్థం తెలియాలన్నదే ధ్యేయమైతే తెలియాల్సింది అక్కడ. అజాన్ అర్థం ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. పెళ్లి మంత్రానికి అర్థం తెలియకపోయినా అక్షింతలు ఎప్పుడు వేయాలో తెలిసినట్టే, ఆ పిలుపు విన్నవాడు నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూకు లేస్తాడు.

1933 ఫిబ్రవరిలో బుర్సా పట్టణపు పెద్దమసీదు దగ్గర టర్కీ అజాన్ మీద జనం నిరసనకు దిగారు. అతాతుర్క్ స్వయంగా వచ్చాడు. ఇది మతం గొడవ కాదు, భాష సంగతి అని ప్రకటించాడు. ఆయన పోయాక, 1941లో శిక్షాస్మృతినే సవరించారు. అరబీలో అజాన్ ఇస్తే మూడు నెలల దాకా ఖైదు, 10 నుంచి 200 లీరాల జరిమానా. 1949లో ఇద్దరు భక్తులు అంకారా పార్లమెంటు గ్యాలరీలోనే నిలబడి అరబీ అజాన్ ఎత్తుకున్నారు.

జనానికి అర్థం అందించే పని ఈ గలాటాకు దూరంగా మరోచోట నడిచింది. ఖురాన్‌కు టర్కీ అనువాదం, వ్యాఖ్యానం కావాలని పార్లమెంటు 1925లోనే తీర్మానించింది. అనువాదాన్ని జాతీయగీతం రాసిన కవి మెహ్మెత్ ఆకిఫ్‌కు, వ్యాఖ్యానాన్ని ఎల్మాలిలి హమ్దీ యాజిర్‌కు అప్పగించారు. ఆకిఫ్ ఈజిప్టులో కూర్చుని అనువాదం చేశాడు గానీ ప్రభుత్వం చేతికి ఇవ్వలేదు. రేపు నమాజులో అరబీ బదులు దీన్నే చదివిస్తారేమోనని ఆయన భయం. తిరిగి రాకపోతే తగలబెట్టమని కైరోలో మిత్రుడికి అప్పజెప్పి వచ్చి, 1936లో కన్నుమూశాడు. ఆ మిత్రుడు పోయాక 1961లో రాతప్రతిని కాల్చేశారు. నకలుగా మిగిలిన కొంతభాగం 2012లో అచ్చయింది. అనువాదం భారమూ చివరికి హమ్దీ మీదే పడింది. ఆయన పూర్తిచేసిన ఉద్గ్రంథం 1930ల ద్వితీయార్ధంలో సంపుటాలుగా వెలువడింది, ఇప్పటికీ టర్కీలో చదువుతున్నారు. నన్నడిగితే అజాన్ ఉత్తర్వుతో కానిది ఆ సంపుటాలతో అయింది.

1950 మే ఎన్నికల్లో అద్నాన్ మెందెరెస్ పార్టీ గెలిచింది. జూన్ 16న, రంజాన్ గుమ్మంలో ఉండగా, అరబీ అజాన్‌పై శిక్ష ఎత్తేశారు. టర్కీ అజాన్ తెచ్చిన పార్టీ సైతం సభలో అడ్డుచెప్పలేదు. ఆ చట్టం టర్కీ అజాన్‌ను నిషేధించలేదు. ఏ భాషలో ఇవ్వాలో తేల్చుకునే పని అజాన్ ఇచ్చే మౌజన్‌లకే వదిలింది. వాళ్లు అరబీకే తిరిగి వెళ్లారు.