బడుల పెద్ద వ్రాసిన బడుల చరిత్ర

రాజుల చరిత్రను ఆస్థానకవి వ్రాసినచో మనము కొంత జాగ్రత్తతో చదువుదుము. బడుల చరిత్రను బడులపై పెత్తనము చేసినవాడే వ్రాసినప్పుడు ఆ జాగ్రత్త మనకు తోచదు. అమెరికాదేశపు ఉపాధ్యాయులకు తరముల పర్యంతము తమ వృత్తిచరిత్రను నేర్పిన ఎల్వుడ్ పాటర్సన్ కబ్బర్లీ అట్టి చరిత్రకారుడు.

ఈయన 1868 లో ఇండియానా రాష్ట్రమున జన్మించెను. ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయమున డేవిడ్ స్టార్ జోర్డన్ గారి శిష్యుడై 1891 లో పట్టభద్రుడయ్యెను. ఇరువదియైదేండ్ల ప్రాయముననే విన్సెన్స్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. 1896 లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో పట్టణపు బడులకు సూపరింటెండెంటుగా పోయెను. అచ్చట నుండినది రెండేండ్లే. కాని ఎన్నికైన బోర్డు సభ్యుల కక్షలను కన్నులార చూచిన పిమ్మట, బడి నడుపుట తర్ఫీదు పొందిన నిపుణుని పనియేగాని వోట్లతో వచ్చినవారి పని కాదను నమ్మకము ఆయన మనస్సున నాటుకొనెను. ఇందు సత్యము లేకపోలేదు. పంతులు ఉద్యోగములు మేనల్లుళ్లకు పంచిపెట్టబడు చోట్ల నుండినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

1898 లో ఆయన స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరెను. అప్పటి కచ్చటి అధ్యక్షుడు జోర్డన్ గారే. విద్యాశాఖయనిన తక్కిన ఆచార్యులకు చులకన. మూడేండ్లలో దానికి గౌరవము తేవలెనని జోర్డన్ గడువు పెట్టెను, కబ్బర్లీ తెచ్చెను. తరువాత కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయి 1905 లో డాక్టరుపట్టము పొందెను.

ఆ పట్టమునకై ఆయన ఎన్నుకొన్న విషయము బడిధనము పంపకము. నా తలంపున ఆయన చేసిన పనులన్నింటిలో మేలైనది ఇదియే. ఆ కాలమున ఆ దేశపు బడికి ప్రధానాధారము స్థానికపు ఆస్తిపన్ను. భాగ్యవంతమైన పట్టణము కొద్దిపాటి పన్నుతోనే మంచి బడి పెట్టుకొనును. బీదపల్లె అంతకు హెచ్చు పన్ను కట్టియు పంతులునకు జీతమీయజాలదు. పిల్లవాడు ఏ యూర పుట్టునో వాని చేతిలో లేదు గదా! కావున రాష్ట్రపు సొమ్మును రాష్ట్రపు బిడ్డలందరికిని అక్కరనుబట్టి పంచవలెనని ఆయన లెక్కలతో చూపెను. ఇట్టి మాట యే దేశమున చెప్పినను గ్రామవాసులు చెవియొగ్గి వినదగినది.

ఈ కలమే మరియొక దారిని పోయెను. 1909 లో వెలువరించిన చిన్న గ్రంథమున, దక్షిణ ప్రాగైరోపా దేశములనుండి వచ్చిన వలసజనులను చదువు, స్వయంశక్తి లేనివారని చిన్నచూపు చూచి, వారి బిడ్డలను ఆంగ్లజాతి యాచారములలో కలిపివేయుటయే బడి కర్తవ్యమనెను. 1916 నాటి పాఠశాలాపరిపాలన గ్రంథమున బడిని కర్మాగారముతోను, బిడ్డలను ముడిసరుకుతోను పోల్చెను. ముడిసరుకునకు తల్లిదండ్రులుండరు, భాషయుండదు, నాకిది వద్దనుటయు తెలియదు.

1919 లో అమెరికా ప్రజావిద్యాచరిత్ర, 1920 లో 800 పుటలకు మించిన సామాన్య విద్యాచరిత్ర వెలువడెను. వీనిలో కథ యంతయు ఉచిత ప్రభుత్వపాఠశాల గెలుపు వైపే నడచును. ఎదిరించినవారు మూఢులు, నడిపినవారు ధీరులు. భావి సూపరింటెండెంట్లకు ఉత్సాహము కలిగించుటకిది పనికివచ్చెను. కాని 1960 లో బెర్నార్డ్ బెయిలిన్ అను చరిత్రకారుడు, చదువనిన బడి మాత్రమేనా, ఇల్లు, చర్చి, చేతిపని నేర్పిన వృత్తిశాల ఏమైనవని ప్రశ్నించెను. 1965 లో లారెన్స్ క్రెమిన్ కబ్బర్లీ చరిత్రరచననే విమర్శించుచు ఒక పుస్తకము వ్రాసెను. మన యిండ్లలో అమ్మమ్మ నోటివెంట వచ్చిన చదువు ఏ ఇన్‌స్పెక్టరు రిజిస్టరున ఎక్కినది?

ఆయన జీవనము నిరాడంబరము. 1917 మొదలు 1933 వరకు విద్యాకళాశాలకు డీనుగా పనిచేసి విరమించెను. దంపతులు కూడబెట్టిన లక్షలకొలది డాలర్లు ఆ కళాశాలకే యిచ్చిరి. ఆ సొమ్ముతో కట్టిన భవనము నేటికిని నిలిచియున్నది. 1941 లో ఆయన కాలధర్మము చెందెను.

ఆయన పేరిట పాలో ఆల్టో పట్టణమున 1956 లో ఒక హైస్కూలు వెలసెను. 1967 లో అచ్చటి చరిత్రోపాధ్యాయుడొకడు, నాజీలకు జర్మను ప్రజలెట్లు లోబడిరో పిల్లలకు చూపనెంచి, తరగతిలో కఠినక్రమశిక్షణను ప్రవేశపెట్టెను. కొలది దినములలో అది తరగతి గోడలు దాటెను. తుదకు ఆయనయే దానిని ఆపవలసివచ్చెను. పిల్లలు తగ్గుటచే ఆ బడి 1979 లో మూతపడెను.