నల్లగొండ సీమలో పాత తుపాకులు, వాని ముద్రలు

ప్రాచీనములైన తుపాకులను సేకరించి, వాని లోహభాగములపై కర్మాగారమువారు పొడిచిన ముద్రలను బట్టి జన్మస్థానమును, కాలమును, యాజమాన్యమును నిర్ణయించు విద్య ఐరోపా, అమెరికా ఖండములలో ధనికులకు వినోదముగాను, చరిత్రకారులకు సాధనముగాను వర్ధిల్లినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతమున అట్టి వినోదము పాదుకొనలేదు. అయినను తుపాకి చేతులు మారుటయే చరిత్రగా నడచిన సీమ యగుటచే ముద్రల పరిజ్ఞానమునకు ఇచ్చట ప్రయోజనము మెండు.

నిజాము రాజ్యమున ఐరోపా పద్ధతిని తుపాకులు, ఫిరంగులు తయారుచేయుట ఫ్రెంచి సేనాని రేమండుతో ముడివడిన వృత్తాంతము. 18వ శతాబ్ది చివర హైదరాబాదులో అతడు నెలకొల్పిన పోతశాల పేరు నేటికిని గన్‌ఫౌండ్రీ యను పేటకు నిలిచియున్నది. 1798లో రేమండు మరణించుటయు, అదే సంవత్సరము ఆంగ్లేయులు ఫ్రెంచి దళములను రద్దు చేయించుటయు జరిగిన పిమ్మట, దక్కనున ఈస్టిండియా కంపెనీ ఆయుధములదే పైచేయి యయ్యెను. కంపెనీవారి తుపాకులపై తొలుత హృదయాకారమైన వర్తక చిహ్నముండెడిది; 19వ శతాబ్ది తొలి దశకమునుండి దాని స్థానమున కిరీటము పట్టిన సింహము నిలిచెను. 1857 తిరుగుబాటు తరువాత భారతీయ సిపాయిల కొఱకు చేయించిన తుపాకులు మఱియు విచిత్రములు: బయటికి ఎన్‌ఫీల్డు రైఫిలు వలెనే కనబడును గాని గొట్టము లోపల చాళ్లుండవు. దూరలక్ష్యమును ఛేదింపగల ఆయుధము సిపాయి చేతికి మరల చిక్కరాదను భయము ఆ నున్నని గొట్టమున కానవచ్చును. పైనున్న ముద్రను మాత్రమే చదువువాడు ఆ సంగతిని గ్రహింపలేడు.

ఈ సీమలోని గడులలో దొరలు వేటకును, అంతకంటె ముఖ్యముగా రైతులను బెదరించుటకును తుపాకులుంచుకొనిరి. మూతినుండి మందు కూరి, కడ్డీతో దట్టించి పేల్చు తుపాకిని తెలంగాణమున భర్మారు అందురు. ఊరి కమ్మరి చేసిన నాటు భర్మారుపై కర్మాగారపు ముద్ర యేదియు నుండదు కనుక, దాని వయస్సును గుర్రము ఆకృతిని, కొయ్యపనిని, ఇనుమున మిగిలిన సుత్తిదెబ్బలను బట్టి ఊహింపవలసినదే.

1946లో ఆరంభమైన తెలంగాణ సాయుధ పోరాటమున రైతులు తొలుత పట్టినవి కఱ్ఱలు, వడిసెలలు. గడులనుండి లాగుకొన్న భర్మారులు, వేటతుపాకులు, పిదప రజాకారులనుండి, పోలీసులనుండి చేజిక్కిన రైఫిళ్లు దళములకు ఆయుధములయ్యెను. సూర్యాపేట తాలూకా కరివిరాలకు చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన సోదరి మల్లు స్వరాజ్యము తుపాకి పట్టి దళములను నడిపినవారిలో ప్రముఖులు. 1948 సెప్టెంబరు 13న బెజవాడ మార్గమున నిజాము రాజ్యముపైకి వచ్చిన భారతసైన్యము తొలిదినముననే కోదాడను వశపరచుకొని సూర్యాపేట దిశగా సాగినది. వెనుదిరిగిన నిజాము సేన మూసీ వంతెనను కూల్చినది. అంతకు ముందే సిడ్నీ కాటన్ అను వైమానికుడు కరాచీనుండి రహస్యముగా బీదరు, వరంగల్లులకు ఆయుధములు చేరవేసియుండెను. ఇట్లు కొద్దికాలములోనే నానాదేశపు ఆయుధములు ఒక్క రాజ్యమున పోగుపడినవి. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. తుపాకి ఎచ్చట పుట్టినదో ముద్ర చెప్పును; ఏ గడినుండి ఏ దళమునకు, ఏ దళమునుండి ఏ ఠాణా మాల్‌ఖానాకు పోయినదో చెప్పదు. ఆ వృత్తాంతమునకు ఠాణా దస్తరములు, ముసలివారి మాటలు శరణ్యములు.

ముద్రల శాస్త్రమున భారతీయునికి అత్యంత పరిచితము కావలసినది వంగదేశమున ఇషాపూరు రైఫిలు కర్మాగారము. 20వ శతాబ్ది ఆరంభమున పని మొదలుపెట్టిన ఈ కర్మాగారమువారు ‘త్రీనాట్‌త్రీ’గా ప్రసిద్ధమైన లీ-ఎన్‌ఫీల్డును చేసి, మడమ మొదటనున్న ఇనుపపట్టీపై కిరీటమును, దాని క్రింద ‘జి.ఆర్.ఐ.’ అను మూడక్షరములను, ఊరిపేరును, సంవత్సరమును పొడిచిరి. ఇంగ్లండులో చేసినదానిపై ‘జి.ఆర్.’ మాత్రమే యుండును. ‘ఐ’ అను ఆ చివరి అక్షరము జార్జి రాజును చక్రవర్తిగా చాటునది. స్వాతంత్ర్యానంతరము కిరీటము తొలగి అశోకస్తంభపు సింహములు వచ్చెను. విశాలబాణపు గుర్తు క్రింద ‘ఐ’ అక్షరమున్నచో అది భారత ప్రభుత్వపు సొత్తు. రెండు బాణములు మొనలు కలిసి ఎదురెదురుగా నున్నచో సేననుండి అమ్మివేసినదని తెలియవలెను. వీనికన్న అరుదైన చూడముచ్చట, పోలీసులకును చెఱసాల కావలివాండ్రకును ఇషాపూరులో మార్చి యిచ్చిన .410 మస్కటు: త్రీనాట్‌త్రీనే గొట్టము తొలిచి, తూటాలపెట్టె యుండవలసినచోట కొయ్యముక్క బిగించి, ఒక్కొక్క తూటానే పేల్చునట్లు చేసినది. 1960ల నాటి 2ఏ, 2ఏ1 రైఫిళ్లు ఆ వంశమున కడపటివి. చదరపు తూటాలపెట్టెను బట్టియే వానిని గుర్తింపవచ్చును.

మోసపు ముద్రలును కలవు. ఖైబరు కనుమ ప్రాంతమునను, దర్రా ఆదంఖేలునను చేతిపనివాండ్రు చేసిన నకళ్లలో ఆంగ్లాక్షరములు తలక్రిందులగుటయు, 1901లో మరణించిన విక్టోరియా రాణి చిహ్నము ప్రక్క తదనంతర సంవత్సరము కానవచ్చుటయు పరిపాటి. ఆంగ్లము రానివాడు చూచి చెక్కినందున వచ్చిన తప్పులివి. వానినే వెదకి సేకరించు రసికులును లేకపోలేదు.

చట్టము విషయమున మన దేశమునకును అమెరికాకును భేదము కలదు. అచ్చట 1898లోగాని అంతకు ముందుగాని తయారైన తుపాకి ప్రాచీనమే, కాబట్టి ముద్రయందలి సంవత్సరమే న్యాయనిర్ణేత. ఇచ్చట 1959 నాటి ఆయుధ చట్టము 45వ సెక్షను ప్రకారము పాతపడిన, పురాతనవిలువ గల ఆయుధము మరమ్మతు చేసినను చేయకున్నను పేలజాలనిదైనప్పుడే చట్టమునుండి మినహాయింపు పొందును. పేలగల భర్మారుకు, అది ముత్తాత నాటిదైనను, లైసెన్సు తప్పదు. త్రీనాట్‌త్రీ సామాన్య పౌరునికి నిషిద్ధము. 1972 నాటి పురావస్తు చట్టమో, నూఱేండ్లు నిండిన చారిత్రక వస్తువును పురావస్తువుగా పరిగణించును. 1920లలో ఇషాపూరున వెలువడిన రైఫిళ్లు ఇప్పుడిప్పుడే ఆ యెల్లను దాటుచున్నవి కనుక, ఒకే వస్తువు ఒక చట్టమునకు పరిరక్షణీయము, వేఱొక చట్టమునకు నిషిద్ధాయుధము అగుచున్నది.