పోస్ట్‌కోడ్‌కి హద్దులెక్కడివి?

పిన్‌కోడ్ అంటే ఏంటని ఎవర్నడిగినా "మా ఏరియా నంబరు" అంటారు. మనలాంటి సాఫ్ట్‌వేర్ జీవులైతే ఇంకో అడుగు ముందుకేస్తారు. ఏరియా అంటున్నారు కాబట్టి మ్యాపు మీద దానికో గీత ఉండే ఉంటుంది, ఆ ఫైలు దించుకుని రంగులేసేద్దాం అనుకుంటారు. నిజానికి తపాలా వాళ్ళు ఈ కోడ్లు పెట్టినప్పుడు నేల మీద గీతల గురించి ఆలోచించనే లేదు. ఏ ఉత్తరం ఏ సంచిలో పడాలి, ఏ పోస్ట్‌మ్యాన్ చేతికి పోవాలి, అంతవరకే వాళ్ళ గోల.

మన యానాం చూడండి. పాలన పుదుచ్చేరిది. పుదుచ్చేరి పిన్‌కోడ్లు 605తో మొదలైతే యానాందేమో 533464, అంటే తూర్పు గోదావరి వరస. యానాం ఉత్తరం గోదావరి మీదుగా రావాలి గానీ వందల కిలోమీటర్ల అవతలున్న పుదుచ్చేరి నుంచి ఎందుకొస్తుంది? పోస్టాఫీసు లెక్కలో అది సబబే. మ్యాపు గీసేవాడికే తలనొప్పి.

మరి లేని గీతలు ఎలా పుట్టాయి? ఈ కథ బ్రిటన్‌లో నడిచినంత రసవత్తరంగా ఇంకెక్కడా నడవలేదని నా అభిప్రాయం.

అక్కడ 1959లో, ఎర్నెస్ట్ మార్పుల్స్ పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉండగా, నార్విచ్ ఊళ్ళో పోస్ట్‌కోడ్ ప్రయోగం మొదలైంది. ఉత్తరాల్ని మెషీన్ల చేత వేరు చేయించడం కోసం. తర్వాత పద్ధతి మార్చి 1966లో క్రాయ్‌డన్ నుంచి దేశమంతా పెట్టుకుంటూ వచ్చి 1974కి ముగించారు. ముందుగా ప్రయోగానికి తలొగ్గిన పాపానికి నార్విచ్ వాళ్ళు పాత కోడ్లు పారేసి కొత్తవి నేర్చుకోవాల్సొచ్చింది!

మన పిన్‌కోడ్ ఒక పోస్టాఫీసు దగ్గర ఆగిపోతుంది. వాళ్ళ కోడ్ సగటున ఓ 15 చిరునామాలదాకా దిగుతుంది, అంటే వీధిలో ఒక ముక్క. ఇలాంటివి దేశంలో సుమారు 17 లక్షలు. ఇంత సన్నటి జల్లెడ దొరికాక ఇన్సూరెన్సు వాళ్ళు, ఆస్పత్రులు, కార్లో దారి చెప్పే డబ్బాలు అందరూ దాని మీదే ఆధారపడ్డారు. ఉత్తరాల కోసం పుట్టింది కాస్తా దేశానికే ఇండెక్స్ అయ్యి కూర్చుంది.

తమాషా ఏంటంటే ఆ ఇండెక్స్ అమ్మకపు సరుకు. చిరునామాల జాబితా రాయల్ మెయిల్ చేతిలో, మ్యాపులు ఆర్డ్నెన్స్ సర్వే చేతిలో. అప్పట్లో రెండూ ప్రభుత్వ సంస్థలే, అయినా డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోవాల్సిందే. మన ఇంటి నంబరు మనకే అమ్మినట్టన్నమాట. 2006లో గార్డియన్ పత్రిక "మా డేటా మాకిచ్చేయండి" అని ఉద్యమమే మొదలెట్టింది. ఈలోగా ఔత్సాహికులు ఊరుకోలేదు. కొందరు జీపీఎస్ పట్టుకుని వీధుల్లో తిరిగి ఒక్కో కోడ్ నమోదు చేశారు. ఇంకొందరు 50 ఏళ్ళు దాటి కాపీరైట్ తీరిపోయిన పాత మ్యాపుల్ని ఆన్‌లైన్‌లో పెట్టి, "మీ ఇల్లెక్కడో నొక్కి కోడ్ చెప్పండి" అన్నారు. 17 లక్షల కోడ్లు ఇలా ఎప్పటికవుతాయంటారా? అవ్వవు. కానీ ఆ మొండితనం నాకు నచ్చింది.

2009లో ఇద్దరు ప్రోగ్రామర్లు ఎర్నెస్ట్ మార్పుల్స్ పేరుతోనే ఒక సైట్ పెట్టారు. కోడ్ ఇస్తే అక్షాంశ రేఖాంశాలు ఉచితంగా చెప్పేది. ప్లానింగ్ అలర్ట్స్ లాంటి ప్రజాసేవ సైట్లు దాన్ని వాడుకున్నాయి. అక్టోబరులో రాయల్ మెయిల్ లాయర్ల ఉత్తరం వచ్చింది, సైట్ మూతపడింది. గోల పెద్దదైంది. నవంబరులో ప్రధాని గోర్డన్ బ్రౌన్, టిమ్ బెర్నర్స్-లీ కలిసి ఆర్డ్నెన్స్ సర్వే డేటా తెరుస్తామని ప్రకటించారు. 2010 ఏప్రిల్ 1న (తేదీ చూసి నవ్వుకోకండి) కోడ్‌పాయింట్ ఓపెన్ ఉచితంగా వచ్చేసింది.

వచ్చిందేంటి? గీతలు కావు, చుక్కలు. సీఎస్‌వీ ఫైళ్ళ నిండా ఒక్కో కోడ్‌కి ఒక్కో బిందువు, అదీ బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ మీటర్లలో. దాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84లోకి మార్చాలి. అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టి, డేటమ్ మార్పు మరిచిపోతే చుక్క దాదాపు 100 మీటర్లు పక్కకి పడుతుంది. 15 ఇళ్ళ కోడ్‌కి 100 మీటర్లంటే పక్కవీధే! ఈపీఎస్‌జీ 27700 అని సరిగ్గా చెబితే ఓజీఆర్2ఓజీఆర్ ఆ పని చేసిపెడుతుంది.

తర్వాత వొరొనోయి పద్ధతి: ప్రతి చుక్కకీ దానికి దగ్గరగా ఉన్న నేలంతా రాసిచ్చెయ్యడం. ముక్కల్ని పెద్ద కోడ్ వారీగా కలిపితే చక్కటి హద్దులొస్తాయి. చూడ్డానికి ఎంత బావుంటాయంటే, అవి మనం కల్పించినవని చూసేవాడికి అనుమానమే రాదు. పొలాలు, చెరువులు అన్నీ ఎవరో ఒకరి కోడ్‌లో పడిపోతాయి. తీరం దగ్గర కత్తిరించకపోతే సముద్రం కూడా. ఒకే మేడలో నాలుగు కోడ్లుంటే అసలు గీత ఎక్కడ గీస్తాం? ఉత్తర ఐర్లాండ్ అయితే ఆ ఫైల్లోనే లేదు. అమెరికా సెన్సస్ వాళ్ళు ఈ చిక్కు గ్రహించే, 2000 జనాభా లెక్కల కోసం తాము గీసిన హద్దులకి జిప్ కోడ్ అని కాకుండా వేరే పేరు పెట్టుకున్నారు. అది నిజాయితీ.

చుక్కలిచ్చారు గానీ చిరునామాల జాబితా మాత్రం ఇవ్వలేదు. 2013లో రాయల్ మెయిల్‌ని ప్రైవేటుకి అమ్మినప్పుడు ఆ జాబితా కూడా దాంతోపాటే పోయింది. అది తప్పని మరుసటేడు పార్లమెంటు కమిటీ తిట్టిపోసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మన దగ్గర 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. హద్దుల డేటా ప్రజలకి తెరవడానికి 2025 పట్టింది. ఆ ఏడు మేలో తపాలా శాఖ తన పిన్‌కోడ్ల హద్దుల్ని తనే మ్యాపుకెక్కించి, ప్రభుత్వ ఓపెన్ డేటా సైట్‌లో పెట్టింది. ఆలస్యమైతేనేం, మనకి చుక్కల నుంచి గీతలు ఊహించే పని తప్పింది. దించుకున్నవాళ్ళు ముందు 533464 తెరిచి చూడండి.